షమీల్ తెలుసు, తమ్మన్నదొర తెలువదా?

చెచెన్యా అనంగనే మన విద్యార్థులు ఇమామ్ షమీల్ పేరు చెప్తరు. పాతికేళ్లు జార్ సైన్యాన్ని నిలేసిన మొనగాడు, కాదనం. కానీ ఆయన చెచెన్ కాదు, పక్క దాగెస్తాన్‌లో పుట్టిన అవార్. 1859లో గునిబ్ కొండ మీద లొంగిపోయి, జార్ పింఛనుతో కలూగాలో బతికిండు. లొంగనని మళ్లీ తిరుగుబాటు లేపిన బైసంగుర్ అసలు చెచెన్. 1861లో ఉరితీసిండ్రు. 1877లో లేచిన అలీబెక్ హాజీకి మరుసటేడు గ్రోజ్నీలో ఉరే. లొంగినాయనకు పుస్తకాలు, ఉరెక్కినోళ్లకు ఒక వాక్యం!

అశ్వారావుపేటకు ఈ ముచ్చట ఎందుకంటరా? అలీబెక్ ఉరికి సరిగ్గా ఏడాది తర్వాత, 1879 మార్చిలో మన పక్క అడవి అంటుకుంది కనుక. రంప మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వేసిండు, అది చాలదని మొదలుపన్ను వేసిండు. ఇంట్లో తాగే కల్లు గీసుకోవద్దని సర్కారు ఆబ్కారీ చట్టం తెచ్చింది. మైదానపు వ్యాపారులు కోర్టు డిక్రీలు పట్టుకొచ్చి పశువులు తోలుకపోయిండ్రు. జులై నాటికి భద్రాచలం తాలూకా రేకపల్లి సీమ కూడా లేచింది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి ఆ సీమను మద్రాసులో కలిపిండ్రు, కలిపినంక పోడు పన్ను పెంచిండ్రు. కలిపేముందు కోయలను, కొండరెడ్లను ఎవరడిగిండ్రు?

అణచడానికి ఎవరొచ్చిండ్రో చూడండి. వందల మంది పోలీసులు, మద్రాసు పదాతిదళం ఆరు రెజిమెంట్లు, గుర్రపు దళం, ఆపైన హైదరాబాద్ కంటింజెంట్! విల్లంబులోళ్ల మీదికి ఇంత బలగమా? కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, చంద్రయ్య – ఈ పేర్లు మన డిగ్రీ పిల్లల్లో ఎందరికి తెలుసు? తమ్మన్నదొరను 1880లో కాల్చి చంపిండ్రు. మన్సబుదారును తొలగించి, మన్సబునే రద్దు చేసిండ్రు. అంటే ఫితూరీ చెప్పింది నిజమేనని తెల్లదొరే ఒప్పుకున్నట్టు.

అల్లూరి సీతారామరాజు త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. 1924లో ఆయన నేలకొరిగిండు, దండం పెడదాం. అయితే ముఠాదారీ ఊడగొట్టించుకుని ఆయన వెంట నిలిచిన గాం గంటందొర కూడా అదే ఏడాది తూటాకు బలైండు కదా? తమ్ముడు మల్లుదొర అండమాన్ పోయొచ్చి 1952లో లోక్‌సభకు గెలిచిండు. సినిమాలో వీళ్లు వెనక వరసలో బాణాలు పట్టుకుని నిలబడతరు, అంతే! కొండోడికి బుద్ధి చెప్పేటోడు కిందినుంచే రావాలన్నది ఏలేవాళ్ల నమ్మకం. చరిత్ర రాసేటోళ్లకూ అదే జబ్బు.

2014లో మన రాష్ట్రం వచ్చింది. అదే ఏడాది కుక్కునూరు, వేలేరుపాడు, వి.ఆర్.పురం సహా ముంపు మండలాలు పోలవరం కోసం ఆర్డినెన్స్‌తో అవతలికి పోయినయి. రేకపల్లి సీమ కూడా అందులోదే. అప్పుడూ గిరిజనుణ్ణి అడిగినోడు లేడు. సంబురంలో ఉన్న మన నాయకులు ఎంత గట్టిగ కొట్లాడిండ్రో వాళ్లే చెప్పాలె.

ఉపాధ్యాయ మిత్రులారా, సరిహద్దు అవతల ఉన్నా అది మన కోయల చరిత్రే. నీళ్లు ముంచకముందే ముసలోళ్ల దగ్గర కూసోని ఫితూరీ ముచ్చట్లు రాసుకోండి. తమ్మన్నదొర పాఠం బడి పుస్తకంలోకి ఎక్కేదాకా సర్కారును అడుగుతనే ఉండండి.