అమ్మ అమెరికా వెళ్ళింది సెలవులకేనా?

"ఏం వదినా, అమెరికా అంతా తిరిగొచ్చావటగా! రంగు కూడా తేలావే!" ఆరు నెలల తర్వాత ఊళ్ళో అడుగుపెట్టిన ఏ తల్లికైనా ఎదురయ్యే మొదటి పలకరింపు ఇది. ఆవిడ నవ్వేసి, తెచ్చిన చాక్లెట్లు నాలుగు చేతిలో పెట్టి, నయాగరా దగ్గర దిగిన ఫోటో చూపిస్తుంది. ఆ ఫోటో ఒక్కరోజు ముచ్చట. మిగతా రోజులన్నీ అక్కడ ఏం చేశావని ఎవరూ అడగరు. ఆవిడా చెప్పదు.

పూర్వం పురిటికి కూతురు పుట్టింటికి వచ్చేది. ఇప్పుడు పుట్టిల్లే విమానమెక్కి కూతురి దగ్గరికి వెళ్తోంది. తెనాలి పక్క పల్లె కానీయండి, భీమవరం పక్క పల్లె కానీయండి, కరీంనగర్ వైపు కానీయండి, కూతురు నెల తప్పిందని తెలియగానే అమ్మ పాస్‌పోర్టు పని మొదలవుతుంది. శొంఠిపొడి, వెల్లుల్లి కారం, సున్నిపిండి, ఆవకాయ... పెట్టెల బరువు కాటాలో చూసుకుని మరీ సర్దుతారు. వెళ్ళేది బాలింతకు పథ్యం పెట్టడానికి, పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి. ఊళ్ళో చెప్పుకునేది మాత్రం "అమెరికా చూడ్డానికి" అని! వీసా కూడా సందర్శకుల వీసానే. మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. అమ్మ గడువు అయ్యేసరికి అత్తగారు దిగుతుంది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి బిడ్డను అందించే రిలే పందెం ఇది.

ఇంత అవసరం ఎందుకొచ్చిందంటారా? మన దేశంలో 2017లో చేసిన సవరణ ప్రకారం చట్టం వర్తించే ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు ఉంది. అంత పెద్ద అమెరికాలో దేశమంతటికీ వర్తించే 1993 నాటి చట్టం ఇచ్చేది 12 వారాలు. అదీ జీతం లేకుండా! అదీ 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలో ఏడాది సర్వీసు ఉన్నవాళ్ళకే. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా జీతంతో సెలవు ఏర్పాటు చేసుకున్నాయి. కొన్ని కంపెనీలూ ఇస్తాయి. దొరకని వాళ్ళ సంగతేమిటి? పసిపిల్లల్ని చూసే కేంద్రాల్లో ఫీజు చూస్తే గుండె గుభేలుమంటుంది. అందుకే అమ్మకు కబురు వెళ్తుంది. అక్కడి ప్రభుత్వం వదిలేసిన ఖాళీని మన పల్లెటూరి తల్లి చీర కొంగు నడుముకు దోపుకుని పూడుస్తోంది. దీన్ని సెలవు అని ఎలా అంటాం?

అక్కడ ఆవిడ రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. పొద్దున్నే ఇద్దరూ ఆఫీసు పనిలో పడతారు. పసివాడు, వంట, బట్టలు ఆవిడవి. పోపు ఘాటెక్కినా, సాంబ్రాణి పొగ వేసినా పైనున్న అలారం గోల పెడుతుంది. నాలుగు అడుగులు నడిచి ఎవరింటికైనా వెళ్దామంటే తెలిసిన ముఖం ఉండదు. కూరగాయల కొట్టుకైనా కారుండాలి. కారు తోలేవాళ్ళు శనివారం దాకా ఖాళీగా ఉండరు. ఊరికి ఫోన్ చేద్దామంటే ఇక్కడ అర్ధరాత్రి. పిల్లలు ప్రేమ లేనివాళ్ళు కాదు. ఏం కావాలన్నా కొనిపెడతారు. కాకపోతే ప్రతిదానికీ అడగాలి. జీవితంలో ఎవర్నీ చేయిచాచి అడగని మనిషికి అది ఎంత కష్టమో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

తిరిగొచ్చాక "మన ఊరి గాలి, మన ఊరి నీళ్ళు ఎక్కడొస్తాయి!" అని ఆవిడ అంటే మనం ముచ్చటపడతాం. నిజానికి ఆవిడకు తిరిగి దొరికింది గాలీ నీళ్ళూ ఒక్కటే కాదు. తెల్లవారకముందే లేచి కళ్ళాపి చల్లి, ముగ్గేసి, గేదె పాలు పిండి కేంద్రంలో పోస్తే, వెన్న శాతం చూసి రాసే బిల్లు ఆవిడ సొంతం. పొదుపు సంఘం మీటింగులో నెలనెలా కట్టే డబ్బు, అక్కడ పెట్టే సంతకం ఆవిడవి. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మాట కలిపే మనుషులున్నారు. చెప్పులేసుకుని తన కాళ్ళతో తను వెళ్ళగలిగే దారులున్నాయి. ఊరంటే ఆవిడకు ఇదీ.

అలాగని మన ఊరంతా స్వర్గమనీ కాదు. అక్కడ అల్లుడు గిన్నెలు తోమడం, బిడ్డకు డైపరు మార్చడం ఆవిడ కళ్ళారా చూసింది. అదే అల్లుడు సెలవులకు ఇక్కడికొస్తే, తిన్న కంచం తీయబోయినా మనమే చేయి అడ్డం పెడతాం! ఆవిడ లేని ఆరు నెలలూ ఇంట్లో ఏం జరిగిందో చూడండి. పెద్దాయనకు పక్కింటివాళ్ళు కూర పంపారు. గేదెను చూసేవాళ్ళు లేక అమ్మేశారు. సంఘం వాయిదాలు తోడికోడలు కట్టింది. ఆవిడ విమానం దిగి, నిద్ర వేళలు ఇంకా కుదుటపడకముందే "కాఫీ పెట్టవే" అని కేక. అక్కడ ముగిసింది ఒక చాకిరీ. ఇక్కడ మొదలైంది ఇంకొకటి. మధ్యలో సెలవెక్కడుంది?

తల్లులు వెళ్ళకూడదని నేననడం లేదు. మనవడిని మొదటిసారి ఎత్తుకున్న ఆనందానికి వెల కట్టలేం. వెళ్ళండి. కానీ టికెట్టు కొనేముందే కొన్ని మాటలు విప్పి మాట్లాడుకోవాలి. ఆరు నెలలూ ఉండాలా, మూడు చాలా అన్నది ముందు అమ్మను అడగాలి. గేదె, చిట్టీ, సంఘం వాయిదా ఎవరు చూస్తారో తేల్చాలి. బీపీ, షుగరు మందులు చీటీతో సహా ఉన్నన్ని రోజులకూ సరిపడా సర్దాలి. బీమా తీసుకునేటప్పుడు ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి తీసుకోవాలి. చాలా పాలసీలు ఆ ఖర్చు ఇవ్వవు. అక్కడి ఆసుపత్రి బిల్లు ఒక్కసారి వచ్చిందంటే మన ఎకరం పొలం గుర్తొస్తుంది!

అమ్మాయిలూ, మీకో మాట. అడగకుండానే అమ్మ చేతిలో కొంత డబ్బుంచండి. వారంలో ఒకరోజు బిడ్డా, వంటా మీరు చూసుకుని ఆవిడను బయటికి పంపండి. దగ్గర్లో పార్కో, గుడో, గ్రంథాలయమో నడిచి వెళ్ళే దారి ఉంటే నాలుగురోజులు వెంట నడిచి చూపించండి. ఆవిడ ఐదో రోజు ఒక్కతే వెళ్ళొస్తుంది. తిరుగు ప్రయాణానికి ముందు రెండు వారాలు మాత్రం ఏ పనీ చెప్పకండి. నయాగరా ఒక్కటే కాదు, ఆవిడ చూడాలనుకున్నవి చూపించండి.

ఇక ఇక్కడున్న పెద్దాయనలకు... భార్య లేని ఆరు నెలల్లో అన్నం వార్చడం, పప్పు ఉడికించడం నేర్చుకోండి. అరవై ఏళ్ళకు నేర్చుకున్నా పప్పు పప్పులాగే ఉడుకుతుంది. ఆవిడ వచ్చిన మొదటి వారం ఆ వంట మీరే వడ్డించండి. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకు అసలైన సెలవంటూ ఒకటి దొరికితే, అది ఆ వారమే అవుతుంది.