కాన్పుతో పోయేది కాదు!

మొన్న ఆదివారం పొద్దున్నే మా అక్కయ్య కూతురు ఫోన్ చేసింది. దానికిప్పుడు ఎనిమిదో నెల. తొలికాన్పు కదా, పురిటికి పుట్టింటికి వచ్చి వారమైంది. "పిన్నీ, నా రక్తం నిండా కొవ్వేనట... బిడ్డకేమైనా అవుతుందా?" అంటూ ఒకటే ఏడుపు. గర్భిణుల్లో వచ్చే షుగర్ తనకి ఉందని ఆరో నెల్లోనే తెలిసింది. ఆ మాట మింగుడు పడకముందే ఇది మరొకటి. ఎవరో చెబితే వాళ్లాయన ప్రైవేటు ల్యాబులో ఏదో ప్యాకేజీ పరీక్ష చేయించాడట. కొలెస్టరాల్ 262, ట్రైగ్లిజరైడ్స్ 274. రెండంకెల పక్కనా ఎర్ర గుర్తులు. ఆ రోజు నుంచీ పిల్ల పాలు మానేసింది. తాలింపు వాసన వస్తే కంచం తోసేస్తోంది. రాత్రిళ్లు ఒక్క ఇడ్లీతో సరిపెట్టుకుంటోంది. మా అక్కయ్యది ఇంకో పోరు. "కడుపుతో ఉన్న పిల్ల ఇద్దరి తిండి తినాలి గానీ ఈ పస్తులేమిటే?" అని.

ఈ రెండు మాటలూ నాకు కొత్త కావు. కానీ ఒక్క సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా బోధపడింది. మన ఆడవాళ్లం అంతగా భయపడనక్కర్లేని రోజుల్లో బెంబేలెత్తిపోతాం. జాగ్రత్తపడాల్సిన రోజుల్లో హాయిగా మరిచిపోతాం. అలా మరిచిపోయినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

2008లో నా రెండో కాన్పు. ఏడో నెలలో షుగర్ బయటపడింది. రెండు నెలలు ఇన్సులిన్ పొడిచారు. సిజేరియన్ చేసి తీస్తే పిల్లాడు నాలుగు కిలోల పైచిలుకు. చూడటానికి వచ్చినవాళ్లంతా "బాలభీముడే!" అని మురిసిపోయారు. మూడో రోజున షుగర్ మామూలుగా ఉందన్నారు. "కాన్పుతో వచ్చింది, కాన్పుతోనే పోయింది" అని అత్తగారు దిష్టి తీశారు. నేనూ నమ్మాను. ఆస్పత్రి కాగితాలు ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు పోయాయి. 2021లో ఊరికే ఆయాసంగా ఉంటోందని వెళితే షుగర్ ముదిరి ఉంది. ట్రైగ్లిజరైడ్స్ 300 దాటాయి. అప్పుడు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "కాన్పుల్లో షుగర్ వచ్చిందా అమ్మా?" అని. పదమూడేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు!

అసలీ కొవ్వు సంగతేమిటో చూద్దాం. గర్భిణి ఒళ్లు చాలా ముందుచూపున్న ఇల్లాలు లాంటిది. మొదటి నెలల్లో కొవ్వును గాదెలో పోసి దాచుకుంటుంది. ఆరో నెల దగ్గర్నుంచి ఆ గాదె విప్పుతుంది. మాయ నుంచి వచ్చే హార్మోన్ల వల్ల తల్లి ఒంట్లో ఇన్సులిన్ మాట అంతగా చెల్లదు. అప్పుడు తల్లి తన అవసరాలకి కొవ్వు వాడుకుని, చక్కెరని బిడ్డకి మిగులుస్తుంది. అందుకే నెలలు నిండేసరికి ఏ జబ్బూ లేని తల్లిలో కూడా ట్రైగ్లిజరైడ్స్ రెండు మూడు రెట్లవుతాయి. కొలెస్టరాల్ కూడా బాగానే పెరుగుతుంది. ల్యాబు కాగితం మీద అచ్చువేసిన 150, 200 హద్దులు గర్భిణుల కోసం పెట్టినవి కావు. కాబట్టి మా పిల్ల కాగితం మీద ఎర్ర గుర్తులు చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు.

అలాగని కొవ్వుతో పనే లేదనీ కాదు. షుగర్ వచ్చిన గర్భిణుల్లో ఇన్సులిన్ సరిపోదు. అందువల్ల చక్కెరతో పాటు కొవ్వూ అదుపు తప్పుతుంది. మిగతా గర్భిణుల కన్నా వీళ్లలో ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా ఉంటాయని ఎన్నో పరిశీలనల్లో తేలింది. అవి బాగా పెరిగినవాళ్లలో గుర్రపువాతానికి దారితీసే బీపీ కూడా ఎక్కువగా కనబడుతోంది. తల్లి రక్తంలో చక్కెర ఎక్కువైతే అది బిడ్డకి చేరి, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ పెరిగి, బిడ్డ లావెక్కుతుందని డెన్మార్క్ వైద్యుడు పెడర్సన్ 1950ల్లోనే చెప్పాడు. 2008లో 9 దేశాల్లో 25 వేలమంది గర్భిణుల మీద చేసిన పెద్ద అధ్యయనం దాన్ని బలపరిచింది. అదే ఏడాది జర్మనీ వైద్యులు ఇంకో ముక్క కలిపారు. షుగర్ చాలావరకు అదుపులో ఉన్న 150 మంది తల్లుల్లో కూడా కొవ్వు ఎక్కువున్నవాళ్ల బిడ్డలు బరువుగా పుట్టారట. తల్లి రక్తంలోని కొవ్వును మాయ ముక్కలు చేసి బిడ్డకి అందిస్తుంది మరి. మనం మురిసిపోయే ఆ బాలభీముడి బరువు వెనక ఇంత కథ ఉంది.

అయితే ఏం చేయాలి? కొలెస్టరాల్ మాత్రలా? కాదు. గర్భంతో ఉన్నప్పుడు ఆ మాత్రలు మామూలుగా ఆపేస్తారు. ఇంతకుముందే వాడుతున్నవాళ్లు నెల తప్పగానే డాక్టరుకి చెప్పాలి. పోనీ నెయ్యి మానేస్తే సరా? అదీ కాదు. ట్రైగ్లిజరైడ్స్ పెరగడానికి నెయ్యి ఒక్కటే కారణం కాదు. కంచం నిండా గుట్టలా పెట్టుకునే తెల్లన్నం, పళ్లరసాలు, టీలో పంచదార, బిస్కెట్లు... ఖర్చుకాని చక్కెరనంతా కాలేయం కొవ్వుగా మారుస్తుంది. చెంచా నెయ్యి మానేసి మూడుసార్లు అన్నం మారు వడ్డించుకుంటే ఏం లాభం చెప్పండి!

కంచంలో సగం కూరలుండాలి. బీర, సొర, తోటకూర, చిక్కుడు ఏదైనా సరే. పావు వంతు పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావే అన్నం, లేదా జొన్నరొట్టె. ఒకేసారి కాకుండా మూడు పూటలు, మధ్యలో రెండు మూడుసార్లు కొంచెం కొంచెం. డాక్టరు వద్దనకపోతే తిన్నాక పది పదిహేను నిమిషాల నడక. వాడిన నూనెనే మళ్లీ మళ్లీ కాచి వేయించినవి, వనస్పతితో చేసినవి దూరం. సీమంతంలో చలిమిడి కాదనలేం. ఒక్క ముక్క నోట్లో వేసుకుని మిగతాది పేరంటాళ్లకి పంచిపెడితే ముచ్చటా తీరుతుంది, ఒళ్లూ బాగుంటుంది. పస్తులు మాత్రం వద్దే వద్దు. తల్లి కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కొవ్వు మరింత కరిగి రక్తంలోకి వస్తుంది. బిడ్డకీ మంచిది కాదు.

ఒక్క హెచ్చరిక. చాలా అరుదుగా కొందరికి ట్రైగ్లిజరైడ్స్ 1000 దాటిపోతాయి. అలాంటప్పుడు క్లోమం వాచే ప్రమాదముంది. పైకడుపులో భరించలేని నొప్పి వీపులోకి పాకుతూ, వాంతులవుతుంటే "గ్యాసేలే" అని సోడా తాగించి పడుకోబెట్టకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో వంశపారంపర్యంగా కొవ్వు జబ్బు ఉన్నా, గర్భానికి ముందే ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నా తొలి నెల్లోనే చెప్పాలి.

ఇక షుగర్ పరీక్ష మన దేశంలో చాలా తేలిక. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిస్తారు. రెండు గంటలయ్యాక రక్తం తీసి చూస్తారు. 140 మిల్లీగ్రాములు, ఆ పైన ఉంటే గర్భిణి షుగర్ ఉన్నట్లే. పరగడుపున రావాలన్న నియమం కూడా లేదు. చెన్నై వైద్యుడు శేషయ్య గారి బృందం పల్లెల్లో గర్భిణుల్ని దృష్టిలో పెట్టుకుని ప్రచారం చేసిన పద్ధతిది. ఆయన పుట్టిన రోజు మార్చి 10ని గర్భిణి షుగర్ అవగాహన దినంగా పాటిస్తున్నారు. మొదటిసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచీ నడుస్తోంది. వాడుకోండి.

ఇంతవరకూ సరే. ఆ తర్వాతే మనం తప్పు చేస్తున్నాం. కాన్పయి మాయ పడిపోగానే చాలామందికి షుగర్ దిగిపోతుంది. దాంతో ఫైలు మూసేస్తాం. కానీ అది వెళ్లిపోయిన చుట్టం కాదు, వీధి అరుగు మీద కూర్చున్న చుట్టం. 2020లో 13 లక్షల మంది ఆడవాళ్ల వివరాలు కలిపి చూస్తే, గర్భిణిగా షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత మధుమేహం వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా దాదాపు పది రెట్లని తేలింది. 2019లో 50 లక్షల మందికి పైగా తల్లుల మీద చేసిన మరో లెక్కలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు రెట్టింపు అని కనబడింది. తర్వాత మధుమేహం రానివాళ్లలో కూడా ఆ ముప్పు పూర్తిగా పోలేదట. చక్కెర దిగినా రక్తంలో కొవ్వు, బీపీ, నడుం చుట్టుకొలత దిగకపోతే అంతే మరి!

మార్గదర్శకాల ప్రకారం కాన్పైన ఆరు వారాలకి తల్లికి మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయాలి. ఎంతమంది చేయించుకుంటున్నాం? ఆ ఆరో వారంలోనే పసివాడికి టీకా వేయిస్తాం. ఎండయినా వానయినా ఆటో కట్టించుకుని తీసుకెళ్తాం, తేదీ ఒక్కరోజు దాటనివ్వం. అదే ఆస్పత్రిలో అదే రోజు తల్లి చెయ్యి కూడా చాస్తే ఏం పోతుంది? బిడ్డ టీకా కార్డు మీదే "తల్లికి షుగర్ పరీక్ష" అని ఒక్క గడి అచ్చు వేస్తే ప్రభుత్వం సొమ్మేం కరిగిపోదు. అది వేసేవరకూ మనమే పెన్నుతో రాసుకుందాం. కొవ్వు పరీక్షకి మాత్రం మూడు నాలుగు నెలలు ఆగాలి. గర్భంలో పెరిగిన కొవ్వు దిగడానికి ఆ వ్యవధి కావాలి. ఆ తర్వాత ఏడాదికోసారి రెండూ చూపించుకోవాలి. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే ముందుగానే చూపించుకోవాలి.

బిడ్డకి పాలివ్వడం తల్లికీ మందే. పాలిచ్చే తల్లుల్లో ట్రైగ్లిజరైడ్స్ త్వరగా దిగుతాయి. ముందుముందు మధుమేహం ముప్పూ తగ్గుతుంది. అలాగని బాలింతకి పథ్యం పేరుతో రోజూ గిన్నెడు నెయ్యి, నాలుగు కాయం ఉండలు పెట్టి నెలల తరబడి మంచం దిగనివ్వకపోతే ఆ లాభం కాస్తా పోతుంది. కోలుకున్నాక కొంచెం కొంచెంగా నడవనివ్వండి. తల్లికి నడకకి అరగంట దొరకాలంటే ఆ అరగంట బిడ్డని ఎత్తుకునే చేతులు ఇంకెవరివో ఉండాలి. అత్తగారివో, ఆయనవో!

మా పిల్లకి ఇదంతా చెప్పాను. వాళ్ల డాక్టరమ్మ కూడా ఆ అంకెలు చూసి, "నీ షుగర్ అదుపులో ఉందిగా, కడుపు మాడ్చుకోకు" అందట. ఇప్పుడు వేళకి తింటోంది. పస్తులు మానేసినందుకు మా అక్కయ్యా శాంతించింది. కాగితాలన్నీ ఒక సంచీలో పెట్టి దాచమన్నాను. "బిడ్డ పుట్టాక నాకే గుర్తుండదేమో, నువ్వే ఫోన్ చెయ్యి పిన్నీ" అంది. ఆరో వారం తేదీని లెక్కగట్టి రాసుకోవడానికి మా గోడమీద క్యాలెండర్ సిద్ధంగా ఉంది.

మీ ఇంట్లో కూడా కాన్పులో షుగర్ వచ్చిన కూతురో, కోడలో, తోడికోడలో ఉండే ఉంటుంది. ఆ బిడ్డకి ఇప్పుడు పదేళ్లున్నా సరే, ఈ రోజే అడగండి... "ఆ తర్వాత ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా?" అని. నన్నా మాట పదమూడేళ్లు ఎవరూ అడగలేదు.