రాతి నాచు, రేగడి చేను

గుడివాడ, అవనిగడ్డ ఎరువుల దుకాణాల్లో యూరియా బస్తాల పక్కన సముద్రపు నాచు మందు సీసాలు కూడా కనిపిస్తున్నాయి. వరి పిలకలు వేసేటప్పుడో, మిర్చి పూతకొచ్చేటప్పుడో రైతు దాన్ని పిచికారీ చేస్తాడు. ఆ నల్లని ద్రవం ఏ సముద్రానిదో అడిగేవారు అరుదు.

మన కృష్ణా తీరానిది మాత్రం కాదు. హంసలదీవి దగ్గర కాలు దిగబడేది కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రులో. అందులో మడ చెట్టు నిలుస్తుంది గానీ పెద్ద నాచు నిలవదు. మట్టిలోంచి సారం లాగే వేర్లు నాచుకు లేవు. పోషకాలన్నీ ఒంటితోనే నీటిలోంచి పీల్చుకుంటుంది. అలకు కొట్టుకుపోకుండా పట్టుకోవడానికి దానికో రాయి కావాలి. అలాంటి రాళ్లు విశాఖ, భీమిలి వైపు ఉన్నాయి. వాటిమీద సర్గాసం అనే గోధుమరంగు నాచు పెరుగుతుంది.

సీసా మీద 'ఎక్లోనియా మాక్సిమా' అని ఉంటే అది అసలైన కెల్ప్, అంటే పెద్ద గోధుమరంగు నాచు. దక్షిణాఫ్రికా పడమటి తీరంలో, చల్లని నీటి అడుగున రాళ్లను కరుచుకుని, బోలు కాడతో పది మీటర్లు దాటి ఎదుగుతుంది. 'కప్పాఫైకస్' అయితే తమిళనాడు తీరంలో తెప్పలకు కట్టి పెంచే ఎర్ర నాచు. 'ఆస్కోఫిల్లం నొడోసం' అని ఉంటే ఐర్లండ్, నార్వే, కెనడాల రాతి తీరాలది. పోటు వచ్చినప్పుడు ఇది గాలి బుడగల బలంతో నిటారుగా లేస్తుంది. కొమ్మకు ఏడాదికి దాదాపు ఒక్క బుడగే వేస్తుంది కాబట్టి, బుడగలు లెక్కపెట్టి వయసు సుమారుగా చెప్పవచ్చు. ఇంత నిదానంగా పెరిగేదాన్ని మొదలంటా కోస్తే నత్తలకూ పీతలకూ నీడ పోతుంది. అమెరికాలోని మేన్ రాష్ట్రంలో మొదలు నుంచి 16 అంగుళాలు వదిలి కోయాలన్న నిబంధన అందుకే పెట్టారు.

ఇంత దూరం నుంచి వచ్చిన సరుకును తీసిపారేయనక్కర్లేదు, నెత్తికెత్తుకోనూ అక్కర్లేదు. అది మొక్కకు ఊతమిచ్చేదే తప్ప ఎరువుకు బదులు కాదు. ఇలాంటి జీవ ఉత్ప్రేరకాలను కేంద్రం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. కాబట్టి రైతులారా, కొనేముందు సీసా తిప్పి చూడండి. నాచు జాతి, తయారీదారు పేరు లేకపోతే అక్కడే వెనక్కిచ్చేయండి. ఉంటే, బిల్లు అడిగి తీసుకోండి.