పాత వ్యాగనార్ కొనొచ్చు, లిహాజ్ మాత్రం పక్కన పెట్టండి



మా మొహల్లాలో ఎవరి చేతికైనా రెండు లక్షలు వస్తే మొదటి ఖయాల్ ప్లాటుకు బయానా ఇవ్వాలని, రెండోది కారు కొనాలని. సెకండ్ హ్యాండ్ బండ్లు చూడ్డానికి పోయేవాళ్లకు తోడుగా పోవడం నాకు అలవాటు గనక, రెండో రకం వాళ్లు నన్ను మష్వరా అడుగుతుంటారు. సవాల్ ఎప్పుడూ ఒకటే: "పన్నెండేళ్ల పాత బండిని నమ్మొచ్చా?"

నా జవాబు: నమ్మొచ్చు. ఇంటి జరూరత్ కోసం, ఖర్జా లేకుండా, ఉన్న డబ్బులో ఒక పాత చిన్న కారు కొనడం అక్ల్‌మందీ పనే. ఖతరా బండి పాతదనంలో కన్నా మన లిహాజ్‌లో ఎక్కువుంది. లోకం ఏమనుకుంటుందోనని ఒక లిహాజ్, అమ్మేవాడు నొచ్చుకుంటాడని ఒక లిహాజ్, మనవాళ్లే కదా కాగితాలెందుకని మరో లిహాజ్. పాత బండి కొని పస్తాయించినవాళ్లను చాలామందిని చూశాను. ఎక్కువమంది విషయంలో ఇంజిన్ కన్నా ఈ మొహమాటమే కొంప ముంచింది.

ముందు జరూరత్ సంగతి. ఒక బైకు మీద మియా, బీవీ, ముగ్గురు పిల్లలు. ముందు టాంకీ మీద ఒకడు, మధ్యలో ఇద్దరు, వెనక బురఖా చక్రంలో పడకుండా ఒక చేత్తో పట్టుకుని కూర్చున్న తల్లి. రంజాన్ నెలలో తరావీహ్ అయ్యాక, పెళ్లి దావత్‌ల నుంచి అర్ధరాత్రి ఇలాగే వస్తాం. దాదీమాను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ఆటో బేరం. ఈ ఇంటికి కారు షాన్ కాదు, హిఫాజత్. కొత్తది కొందామంటే వాయిదాలు, వాయిదాలంటే సూద్. సూద్ జోలికి పోమనే ఇళ్లలో నగదుకు దొరికేది పాత బండే. దానికి షరమ్ పడాల్సిన పని లేదు.

ఇక్కడే మొదటి లిహాజ్ అడ్డం వస్తుంది. అదే రెండు లక్షలకు పదిహేనేళ్ల నాటి పెద్ద సెడాన్ కూడా వస్తుంది. నికాహ్ ముందు దిగితే చూడ్డానికి బాగుంటుంది, సమ్‌ధీల ముందు ఇజ్జత్. కానీ బండి ధర తగ్గిందని దాని విడిభాగాల ధర తగ్గదు. పెద్ద కారుకు హెడ్‌లైటు పగిలితే పెద్ద కారు ఖరీదే పెట్టాలి. కొన్నాళ్లకు ఆ షాన్ ఇంటిముందు కవరు కప్పుకుని నిలబడుతుంది. ఆ ధరలో పెద్ద బండి కన్నా చిన్న బండిలో మంచిది వెతుక్కోమనే నా మాట.

చిన్న బండ్లలో వ్యాగనార్ పేరే ఎందుకు చెప్తున్నానంటే, మన ఇళ్లకు సరిపోయే సంగతులు అందులో ఉన్నాయి. పైకప్పు ఎత్తు, సీటు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న నానీమా వంగి లోపలికి దూరాల్సిన పని లేదు, నిలబడ్డ చోటునుంచి పక్కకు జరిగి కూర్చోవచ్చు. ఈ బండి మన దేశానికి 1999 చివర్లో వచ్చింది. మొదటి తరంలో 1061 సీసీ ఇంజిన్, టైమింగ్ బెల్టు. 2010లో రెండో తరం వచ్చింది, 2019 జనవరి దాకా నడిచింది. దీనిది 998 సీసీ, మూడు సిలిండర్ల కె-సిరీస్ ఇంజిన్, బెల్టుకు బదులు టైమింగ్ చెయిన్. బెల్టును నిర్ణీత గడువుకు మార్చాలి, తెగితే ఇంజిన్ పని పడొచ్చు. చెయిన్‌కు ఆ ఫిక్ర్ తక్కువ, ఆయిల్ వేళకు మారిస్తే చాలు. పైగా ఏ మండల కేంద్రంలోనైనా దీన్ని విప్పి బిగించగల మిస్త్రీ ఉంటాడు, సామాను దొరుకుతుంది. ఇన్సూరెన్స్‌లోనూ ఫరఖ్ ఉంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, అది దాటితే కనీసం 3,416. దీనిపై జీఎస్టీ అదనం. అందుకే రెండో తరం బండినే చూడమంటాను.

ఇక రెండో లిహాజ్. బండి చూడ్డానికి పోతాం. అమ్మేవాడు కుర్చీ వేస్తాడు, చాయ్ ఇస్తాడు, "సింగిల్ ఓనర్, డాక్టర్‌గారు వాడిన బండి" అంటాడు. చాయ్ తాగాక బానెట్ ఎత్తమనడానికి మనకు నోరు రాదు. చాయ్ తర్వాత తాగండి భాయీ.

పొద్దున్నే పోండి, వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీరు రాకముందే ఎవరో నడిపారు. చల్లటి ఇంజిన్ మొదటిసారి ఎలా లేస్తుందన్నదే అసలు గవాహి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతుండొచ్చు. ఆయిల్ మూత తీసి చూడండి, అడుగున పాల మీగడలాంటి జిడ్డు ఉంటే మిస్త్రీకి చూపించకుండా ముందుకు పోవద్దు. క్లచ్ పెడల్ పూర్తిగా పైకి వచ్చాకే బండి కదిలితే క్లచ్ ప్లేటు చివరికొచ్చింది.

మీటరు మాట నమ్మొద్దు. 45 వేల కిలోమీటర్లని చూపిస్తుంది, పెడల్ రబ్బర్లు మాత్రం నున్నగా అరిగి ఉంటాయి, స్టీరింగ్ తోలు మెరుస్తుంటుంది. ఈ రెండూ అబద్ధం చెప్పవు. సర్వీసు పుస్తకం అడగండి, అందులో తేదీల పక్కన కిలోమీటర్లు వరుసగా ఉంటాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెలూ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గీతలు బాగున్నా టైరు వయసైపోయి ఉండొచ్చు. స్టెప్నీ కూడా తీయించి చూడండి.

మరో సంగతి, వరద బండ్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదలో, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు వందల బండ్లు నీళ్లలో మునిగాయి. మునిగిన బండిని కడిగి, సెంటు కొట్టి అమ్మితే పైకి ఏమీ తెలీదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, లోపలి భాగం మీద బురద చార కనిపిస్తే సంగతి అర్థమవుతుంది. సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు, కార్పెట్ కింద తడివాసన కూడా ఆ ఐబ్‌నే చెప్తాయి. సముద్రం ఒడ్డున తిరిగిన బండైతే కింద పడుకుని అడుగుభాగం చూడాల్సిందే. ఇంజిన్ బాగు చేయించుకోవచ్చు, తుప్పు తిన్న బాడీకి ఇలాజ్ లేదు.

ఇవన్నీ మీకు చేతకాకపోతే మీ మిస్త్రీకి ఐదొందలో వెయ్యో ఇచ్చి వెంట తీసుకుపొండి. అమ్మేవాడు "నా మిస్త్రీ చూశాడు కదా" అంటే నవ్వి ఊరుకోండి. మిస్త్రీకి చూపించడానికి ఒప్పుకోని బండిని కొనకండి, సౌదా అక్కడే ఖతమ్.

తర్వాత కాగితాలు. ఆర్‌సీ మీద ఉన్న ఇంజిన్ నెంబరు, ఛాసిస్ నెంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. బాకీ ఉన్న చలాన్లు చూడండి. మీద లోను ఉంటే, తీరిపోయిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 ఉండాలి. "తీరిపోయింది భాయ్" అన్న మాట కాగితం కాదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. 2011లో రిజిస్టరైన బండి గడువు 2026లో ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు, గ్రీన్ ట్యాక్స్ వేరు. అంటే పద్నాలుగేళ్ల బండి "చవక"లో ఈ ఖర్చా కూడా కలిసే ఉంది. ధర మాట్లాడేటప్పుడు ఆ మేరకు తగ్గించమని అడగడం మీ హక్కు.

ఢిల్లీ నెంబరు బండ్లు సగం ధరకొస్తాయని చెప్పేవాళ్లూ ఉన్నారు. అక్కడ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద, పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలుండటంతో అవి బయటికి వస్తాయి. అక్కడి ఆర్‌టీవో ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, అన్నీ కలుపుకుని హిసాబ్ వేసుకోండి. మొదటిసారి కొనేవాళ్లకు ఈ తలనొప్పి వద్దనే నా రాయ్.

మూడో లిహాజ్ అన్నింటికన్నా ఖతర్నాక్. దుల్హేభాయ్ కొత్త కారు కొన్నాడు, పాతది మనకిచ్చాడు. "డబ్బులు మెల్లగా ఇవ్వు, పేరు మార్పు తర్వాత చూద్దాం" అంటాడు. ముహబ్బత్‌తో ఇచ్చాడు కదా, సంతకాలు అడిగితే ఏమనుకుంటాడోనని మనం అడగం. ఏళ్లు గడుస్తాయి. ఒకరోజు రోడ్డు మీద జరగకూడనిది జరిగి ఎవరికో కాలు విరిగితే, కోర్టు నోటీసు పోయేది దుల్హేభాయ్‌కే. బండి చేతులు మారినా ఆర్‌టీవో రికార్డులో ఎవరి పేరుందో పరిహారానికి వాళ్లే జిమ్మేదార్ అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. అంటే సంతకం అడగడం దుల్హేభాయ్‌ను అనుమానించడం కాదు, ఆయన్ను కాపాడటం. ఇలా అర్థమయ్యేలా చెబితే ఏ ఇంట్లోనూ ఎవరూ నారాజ్ కారు.

పద్ధతి పెద్ద కష్టమేం కాదు. ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్‌టీవోకు తెలియజేయాలి. ఇన్సూరెన్స్ పాలసీ పేరు కూడా 14 రోజుల్లోపు మార్పించుకోవాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ వారిదే, మనకు రాదు. డబ్బులిచ్చిన రోజే, తారీఖుతో పాటు టైము కూడా వేసి ఒక రసీదు రాసుకోండి. ఆ పొద్దున దాకా పడ్డ చలాన్లు ఎవరివి, ఆ తర్వాతవి ఎవరివి అన్న జగడం రాదు.

ఇంత చెప్పి ఒక కమ్మీ చెప్పకపోతే నేనూ ఐబ్ దాచినట్టే. ఈ తరం చిన్న కార్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు లేవు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు మన దేశంలో తప్పనిసరి అయింది 2019లోనే. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగుల్లేని ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలోలను గోడకు కొట్టి చూస్తే ఐదింటికీ పెద్దల భద్రతలో సున్నా స్టార్లే వచ్చాయి. పోలోలాంటి గట్టి బండి కూడా ఎయిర్‌బ్యాగుల్లేకపోతే అంతే. కాబట్టి ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ ఉన్న వేరియంట్ దొరికితే పదో ఇరవయ్యో వేలు ఎక్కువైనా అదే తీసుకోండి. ఎనిమిది మందిని కుక్కకండి, అది ఐదుగురి బండి. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం ప్యార్ కాదు. హైవే మీద వంద దాటించే బండి కాదిది, దాటించకండి. బైకు మీద ఐదుగురి కన్నా ఇది వెయ్యి రెట్లు నయమే, అయినా దీని హద్దు దీనికుంది.

చివరిగా డబ్బు సంగతి. చేతిలో రెండు లక్షలుంటే రెండు లక్షల బండి చూడకండి. లక్షా నలభై, లక్షా యాభై వేల బండి చూడండి. మిగిలింది ముట్టుకోవద్దు. పాత బండి కొన్న మొదటి ఆరు నెలల్లో టైర్లు, బ్యాటరీ, క్లచ్, సస్పెన్షన్, ఇన్సూరెన్స్ వరుసగా వచ్చి పలకరిస్తాయి. ఆ డబ్బు పక్కన ఉంటే అది మామూలు మరమ్మతు, లేకపోతే అదే ముసీబత్, మళ్లీ అప్పు. ఏ సూద్‌కు భయపడి పాత బండి కొన్నామో దాని గుమ్మం ముందే నిలబడతాం.

నాలుగైదేళ్లు వాడుకున్నాక మీరూ ఒకరోజు దాన్ని అమ్ముతారు. మీలాంటి ఇల్లే ఏదో కొనడానికి వస్తుంది, వాళ్లూ మొహమాటపడతారు. వాళ్లు అడగకముందే బానెట్ మీరే ఎత్తి, ఎక్కడ ఆయిల్ కారుతుందో, ఏ డోరుకు డెంటింగ్ చేయించారో చెప్పండి. ధర ఒక ఐదు వేలు తగ్గుతుందేమో. ఆ ఇంటి పిల్లలు మీ మాట నమ్మి ఆ బండెక్కుతారు, ఐదు వేల కన్నా అది పెద్ద అమానత్.