ఒక ఒడ్డు పిట్టలకు వదలండి

చైత్రం వచ్చిందంటే హైదరాబాద్ శివారు తెల్లాపూర్‌లో క్రేన్ల చప్పుడును దాటుకొని కోయిల వినిపిస్తుంది. ఆ కుహూరవం నల్లటి మగపిట్టది. గోధుమరంగు మీద తెల్లచుక్కలున్న ఆడకోయిల మాత్రం గుడ్లు పెట్టడానికి కాకిగూడు వెతుకుతూ ఆకుల చాటున తిరుగుతుంటుంది.

పిట్టలను చూడ్డానికి అడవికే పోనక్కర్లేదు. ఎండ ముదరకముందే దగ్గర్లోని పార్కుకు వెళ్తే చాలు. కంసాలి పిట్ట రాగిబిందె మీద సుత్తి పడ్డట్టు ఆగకుండా ‘టుక్ టుక్’ మంటుంది. చలికాలంలో వెలిసిపోయి కనిపించిన మగ తేనెపిట్ట ఇప్పుడు నిగనిగలాడే ఊదారంగులోకి మారిపోతుంది. మోదుగ, బూరుగ పూల మీద వాలే గులాబి గోరింకలు మధ్య ఆసియా వైపు తిరుగు ప్రయాణంలో ఉంటాయి. బైనాక్యులర్స్ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు.

అసలు సందడి చెరువు అంచునే. తీతువు పుల్లలు ఏరి గూడు కట్టదు. గులకరాళ్ల నేలలో చిన్న గుంట చేసి, రాళ్లలో కలిసిపోయే మచ్చల గుడ్లు పెడుతుంది. పసిరిక పిట్ట మట్టిగట్టులో సొరంగం తవ్వి పిల్లల్ని సాకుతుంది. నీటికోళ్లకు జమ్ము కావాలి. సుందరీకరణ పేరుతో చుట్టూ రాయి పరిచి, జమ్ము పీకేసి, తెల్లవార్లూ దీపాలు వెలిగిస్తే మనుషులకు చక్కటి నడకబాట దొరుకుతుంది. తీతువుకు మాత్రం జానెడు నేల మిగలదు.

తెల్లాపూర్‌కు దగ్గర్లోనే అమీన్‌పూర్ చెరువు ఉంది. ఫ్లెమింగోలు సైతం దిగే ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక నగర జలాశయానికి ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. అంత పేరొచ్చినా మురుగు, ఆక్రమణల బెడద తప్పలేదు. కాగితం మీది హోదా ఒక్కటే చెరువును కాపాడదు, రోజూ కనిపెట్టుకొని ఉండే మనుషులు కావాలి.

అలా కనిపెట్టి, చూసినదాన్ని రాసిపెట్టే అలవాటు ఈ నేలకు కొత్త కాదు. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ హైదరాబాద్ సంస్థానంలో తిరిగి పక్షుల సర్వే చేశారు. పిట్టలను గమనించే ఈనాటి డెక్కన్ బర్డర్స్ బృందం మూలాలు 1980లో మొదలైన పక్షి ప్రేమికుల సంఘంలో ఉన్నాయి. ఇప్పుడు ఫోనున్న ఎవరైనా పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో తేదీ, చోటు, పిట్టల సంఖ్య నమోదు చేయొచ్చు. ‘అక్కడ ఏముంది, ఖాళీ జాగాయే కదా’ అని ఎవరన్నా అన్నప్పుడు చూపించడానికి అంతకన్నా గట్టి ఆధారం లేదు.

కాలనీ సంఘాలకు, మున్సిపల్ ఇంజినీర్లకు ఒక్క విన్నపం. నడకబాట వేయండి, కానీ చెరువు చుట్టూ కాదు. ఒకవైపు ఒడ్డును మట్టిగా, జమ్ముతో, దీపాలు లేకుండా వదలండి. ఆ పక్కన గుడ్లు పొదిగే నెలల్లో కుక్కల్ని విప్పి వదలకండి.