చెరువు ఎవరికి అడ్డం?

పగలు అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కంప్యూటరు కోర్సు, రాత్రి పంజాగుట్ట హాస్టలు గదిలో ఆట: నా పాత విద్యార్థి వొకడి దినచర్య యిది. ఆట పేరు 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'. 1999లో వచ్చిన వ్యూహక్రీడ. రాజ్యం కట్టాలి, శత్రువును కూల్చాలి. అందులోని నియమాలనూ, బొమ్మలనూ, కథనూ మార్చి కొత్త ఆట చేసుకోవటాన్ని అభిమానులు మాడింగ్ అంటారు.

యీ కుర్రవాడు కాకతీయుల ఆట చేస్తున్నాడు. అసలు ఆటలో పొలం వేయటానికి 60 పాళ్ళ కలప చాలు. నీటితో పని లేదు. రైతు కూలి అడగడు, తిరగబడడు. "ఓరుగల్లు రాజ్యంలో చెరువు లేకుండా పంటేమిటి సార్?" అని, చెరువు కట్టనిదే పొలం పండదనే నియమం పెట్టాడు. పాకాల, రామప్ప చెరువులను ఎరిగినవాడు మరి. స్నేహితులు పెదవి విరిచారు: "చెరువు తవ్వుతూ ఎవడు కూర్చుంటాడు? రుద్రమదేవిని ఏనుగెక్కించు. పది నిమిషాల్లో యుద్ధం పెట్టు. అందరికీ నచ్చాలి గదా!"

చెరువు తీసెయ్యనా అని నన్నడిగాడు.

నా తగవు ఆ 'అందరికీ' అన్న మాటతోనే. ఎవరీ అందరూ? చెరువు కింద బతికిన తాతలున్న పిల్లలు కారా? ప్రజలకు నచ్చేది వేరు, అంగడికి నచ్చేది వేరు. అంగడి తన రుచిని ప్రజల నోట పెట్టి, అది ప్రజల రుచేనంటుంది.

యీ ఆట చరిత్రే చూడండి. అభిమానులు చేసిన మాడ్ వొకటి 2013లో 'ది ఫర్‌గాటెన్' పేర అధికారిక సరుకైంది. అందులో మన ఉపఖండమంతా 'ఇండియన్స్' అనే వొక్క జాతి. 2022లో దాన్ని నాలుగు చేశారు. దక్షిణాది మొత్తం 'ద్రావిడులు', కథ రాజేంద్ర చోళునిది. అభిమానుల శ్రమకు జీతం దొరకటం తప్పనను. కాని ఏ చరిత్ర అమ్ముడుపోతుందో తేల్చేది ఆ శ్రమ చేసినవారు కారు.

'వార్‌క్రాఫ్ట్ 3'లో అభిమానులు 2003లో మొదలుపెట్టిన 'డోటా' నుంచి 2013లో వాల్వ్ కంపెనీ 'డోటా 2' పుట్టింది. చెయ్యి జారిందని తెలిసిన బ్లిజర్డ్ కంపెనీ, 2020లో తన ఆటలో అభిమానులు చేసే ప్రతి కొత్త ఆటా తన సొత్తేనని నిబంధన రాసుకున్నది. భూమి నాది గనుక పంటా నాదేనన్న జమీందారుకూ దీనికీ తేడా యేమిటి?

మరో పక్క కొందరు పాత అభిమానులు, సామాన్యులు చేరితే ఆట చెడుతుందంటారు. గిడుగు రామమూర్తిని ఎదిరించిన పండితులూ భాషను గురించి యిదే అన్నారు. వీరితోనూ నాకు పొత్తు లేదు.

ఇక మనవాళ్ళు. "పిల్లల ఆటలతో విమర్శకులకేమి పని?" అని తోటి అధ్యాపకుడొకరు నవ్వారు. 1940లలో ప్రజానాట్యమండలి, నాజర్ బుర్రకథతో ఏం చేశారు? ఉన్న రూపాన్ని చేతబట్టి, అందులో కొత్త వస్తువు నింపారు. జనం వేలుగా వచ్చారు. రైతును తీసేసినందుకు రాలేదు. రైతు ఉన్నందుకే వచ్చారు. జనాదరణకు చెరువు అడ్డం కాదనటానికి యింతకన్న సాక్ష్యమేం కావాలి? అయితే బుర్రకథ కళాకారులు కథను రక్తి కట్టించారు. సందేశం వుంది గదా అని విసిగించలేదు. మన కుర్రవాడికీ ఆ బాధ్యత వున్నది.

అందుకే వాడితో అన్నాను: "చెరువు తీసెయ్యకు. తవ్వటం విసుగైతే, ఆ తవ్వకాన్నే ఆటగా మలుచు. కట్ట తెగితే వూరేమవుతుందో చూపించు. నీటి కోసం రెండు వూళ్ళు తగవుపడితే రాజు ఎటో చూపించు. కూలి అందకపోతే రైతు పార కింద పెట్టే నియమం కూడా రాయి."

వాడు నవ్వి, "ఆ చివరిది కష్టం సార్" అన్నాడు. నిజమే. ఆ కష్టంలో వాడి పక్కన కూర్చోవటం మన పని.