‘జనరల్’ అనగా ఎవరిది?

మన జిల్లా రాజకీయాలను గుఱించి వ్రాసేవారు గెలుపోటములను లెక్కిస్తారే గాని, నియోజకవర్గాల సరిహద్దు గీతలను అంతగా పట్టించుకోరు. ఆ గీతలకు ఒక ప్రజాజీవితాన్ని తిప్పగల బలం ఉన్నది.

కావలి ప్రతిభా భారతి గారు ఎచ్చెర్ల ఎస్సీ రిజర్వుడు స్థానం నుండి 1983, 1985, 1989, 1994, 1999 సంవత్సరాలలో, వరుసగా అయిదు పర్యాయములు, తెలుగుదేశం పక్షాన శాసనసభకు ఎన్నికయ్యారు. 1983 నాటి ప్రభంజనంలో గెలవడం ఒక ఎత్తు. 1989లో రామారావు గారి ప్రభుత్వమే ఓడినప్పుడు నిలబడడం మఱొక ఎత్తు. దానిని గాలివాటం గెలుపనలేము. మంత్రిపదవి నిర్వహించి, 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా సభాపతి అయ్యారు.

2004లో కోండ్రు మురళీమోహన్ గారి చేతిలో ఓడిపోయారు. అది ప్రజల తీర్పు, దానితో పేచీ లేదు. నా ప్రశ్న ఆ తరువాతి సంగతి గుఱించి.

2008 నాటి పునర్విభజనలో ఎచ్చెర్ల జనరల్ అయినది. అంతవఱకు ఎస్సీ స్థానమైన పాలకొండ ఎస్టీలకు కేటాయింపబడినది. కొత్తగా రాజాం ఎస్సీ స్థానముగా ఏర్పడినది. ఫలితమేమి? ఎచ్చెర్ల నుండి ప్రతిభా భారతి గారూ, మురళీమోహన్ గారూ, పాలకొండ నుండి కంబాల జోగులు గారూ ఆ ఒక్క రాజాం గుమ్మానికే చేరవలసివచ్చినది. అక్కడ ఆమె 2009లో మురళీమోహన్ గారి చేతిలో, 2014లో జోగులు గారి చేతిలో ఓడారు.

జనరల్ స్థానంలో దళితులు పోటీ చేయరాదని ఏ చట్టమూ చెప్పలేదు. అయినను 2009 నుండి 2024 వఱకు ఎచ్చెర్లలో గెలిచిన నలుగురిలో ఒక్కరూ దళితులు కారు. రిజర్వుడు స్థానంలో ప్రత్యర్థులూ దళితులే గదా, ఆ గెలుపులను ఇక్కడ ఎట్లు చూపుతారని కొందఱు అడుగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. కాని అయిదు మార్లు ఆమెకు ఓటు వేసినవారిలో అన్ని కులాలవారూ ఉన్నారు. వారు తమ ప్రతినిధిగా అంగీకరించిన వ్యక్తిని, గీత మారగానే ఆ ఊళ్ళకు పరాయిని చేసినది పార్టీల లెక్కలే.

రిజర్వేషన్ కనీసపు హామీ. పార్టీలు దానినే గరిష్ఠపు హద్దుగా చేసుకున్నవి. నియోజకవర్గం జనరల్ అయిననాడు, అంతవఱకు దానికి ప్రాతినిధ్యం వహించినవారి పేరు కనీసం పరిశీలనకైనా రావద్దా? విజ్ఞులైన మిత్రులు తమ తమ జిల్లాల అనుభవాలను కూడ తెలుపగలరని ఆశిస్తాను.